రెండు పిడుల బుట్టతో తెనాలి నుంచి రేపల్లె దాకా

పెళ్లికూతుర్ని కూర్చోబెట్టే బుట్ట చంకలో పెట్టుకుని, పక్కన పెళ్లికూతురు లేకుండా, ఒక కుర్రాడు తెనాలి స్టేషన్లో నిలబడితే జనం రెండు రకాలుగా చూస్తారు. సగం మంది జాలిగా, సగం మంది అనుమానంగా. సమాజం నిట్టనిలువునా చీలిపోయిందని టీవీలో రోజూ గొంతు చించుకునే పెద్దమనుషుల మాట నిజమేనేమో అని నాకు మొదటిసారి అనిపించింది అక్కడే.

ముందు బుట్ట సంగతి చెప్పాలి. మా అమ్మ వైపు వాళ్లలో పెళ్లికూతురు మండపానికి నడిచి రాదు. వెదురు బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు. వేరేవాళ్లు చెయ్యి వేయకూడదు. మా అమ్మకి ఒక అన్న, ఒక తమ్ముడు. బుట్టకి రెండు పిడులు. మా అక్క శిరీష పుట్టినరోజే అందరూ ఈ లెక్క చూసుకుని సంతోషించి ఉంటారు. తర్వాత పెద్ద మామయ్య రేపల్లెలో రొయ్యల మేత వ్యాపారం పెట్టి ఒక పార్టీలో తేలాడు. చిన్న మామయ్య బాపట్లలో సిమెంటు కొట్టు పెట్టి ఇంకో పార్టీలో తేలాడు. ఎవరిది ఏ పార్టీ అని అడక్కండి. చెబితే మీరూ ఇక్కడే ఏదో ఒక మామయ్య వైపు వెళ్లిపోతారు, మిగతా దారంతా బుట్టతో నేనొక్కణ్నే నడవాలి.

పోయిన ఎన్నికల ముందు ఓ ఇంటి భోజనాల దగ్గర, బాపట్ల నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఒక రోడ్డు ముక్క ఎవరి హయాంలో పడిందన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పెరుగన్నం కలపకుండానే లేచి చేతులు కడుక్కున్నారు. మా వైపు పెరుగన్నం దాకా రాకుండా లేచారంటే అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత కుటుంబం వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లు వీడియోలతో కొట్టుకుని, ఒకే రోజు ఇద్దరూ గ్రూపులోంచి బయటికెళ్లిపోయారు. వాళ్లు కలిసి చేసిన ఆఖరి పని అదే.

ఇప్పుడు అక్క పెళ్లి కుదిరింది. చిన్నప్పుడు సెలవులకి రేపల్లె వెళితే పెద్ద మామయ్య భుజం మీద, బాపట్ల వెళితే చిన్న మామయ్య సైకిలు మీద తిరిగిన పిల్ల. "ఇద్దరూ చెరో పిడి పట్టుకుంటేనే బుట్టెక్కుతా. లేదంటే నడిచొస్తా," అని తేల్చేసింది. అమ్మ ఆ మాట విని వంటింట్లోకి వెళ్లి కాసేపు కుళాయి తిప్పి ఉంచింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి సెలవు లేదు. అందుకని ఇంట్లో దేన్నీ పట్టించుకోడని పేరున్న నన్ను రాయబారం పంపారు. వెళ్లే దారిలో తెనాలిలో బుట్ట కూడా తెమ్మన్నారు.

తెనాలి: మేదరి వీధి

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. ఊళ్లో మూడు కాలువలున్నాయి కాబట్టి మా ఆటో డ్రైవరు మూడు వంతెనల మీదా "ఇదే మన ప్యారిస్సండి" అని మూడుసార్లు పరిచయం చేశాడు. కాలువలుండేది వెనిస్‌లో కదా అన్నాను. "అదీ మనదేనండి," అన్నాడు.

పొద్దున్నే ఓ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు, మీద నెయ్యి, కారప్పొడి, పక్కన అల్లం పచ్చడి. నలభై రూపాయలు. హైదరాబాదులో మా వీధిలో ఆ డబ్బుకి ఇడ్లీ ఫొటో చూపిస్తారు.

వెదురు పని చేసే మేదరి వాళ్ల ఇళ్లు ఒక సందులో ఉన్నాయి. మంగమ్మ అనే ఆవిడ గుమ్మంలో కూర్చుని చేట అల్లుతోంది. చేతులు చేట మీద, కళ్లు నా మీద.

"ఏంటి బాబూ, ఎవరి పెళ్లి?"

"మా అక్కదండి."

"మోసేది ఎంతమంది?"

"ఇద్దరు. వస్తే."

చేతులు ఆగాయి. "వస్తేనా?"

మామయ్యలిద్దరికీ మాటల్లేవని చెప్పాను.

"పార్టీలా, పొలమా?"

"పార్టీలండి."

"పొలం కాదుగా. అయితే వస్తార్లే," అని మళ్లీ చేట అందుకుంది. "పొలం గొడవైతే నాలుగు పిడుల బుట్ట తీసుకోమందును. బయటోళ్లని పెట్టి మోయించుకోవాల. పార్టీలకైతే రెండు పిడులు చాలు."

తయారుగా ఉన్న బుట్ట ఒకటి చూపించింది. ఎవరో చేయించుకుని వద్దన్నారట. ఆ పెళ్లికూతురు బుల్లెట్టు బండి నడుపుకుంటూ మండపానికి వస్తానందట. రెండు వేలు. అక్క పెళ్లి వస్తువుకి బేరమాడకూడదని ఆవిడే చెప్పింది, నేను నోరు తెరవక ముందే. డబ్బులు తీసుకుంటూ ఇంకో మాట కూడా అంది. "ఇద్దరూ ఒకటే అడుగు వెయ్యాల. ఒకళ్లు ముందుకీ ఒకళ్లు వెనక్కీ లాగితే పిల్ల పడుద్ది. మీ మామయ్యలకి చెప్పు."

చెప్పడానికే వెళ్తున్నాను గదా అనుకున్నాను.

తెనాలి: ఎవరిదీ కాని రంగు

బుట్ట లోపల వెదురు గుచ్చుకోకుండా శాటిన్ గుడ్డ కుట్టించాలి. మంగమ్మే దర్జీ కరీముల్లా గారి కొట్టు చూపించింది. ఆయన బుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూసి, "ఏ రంగు పెట్టమంటారండి?" అన్నారు.

"పసుపు?" అని నేనే అన్నాను, వెంటనే నేనే నాలుక కరుచుకున్నాను. ఒక మామయ్య బుట్ట తన్నేస్తాడు. నీలం అంటే ఇంకో మామయ్య. ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ, తెలుపు, ఏది పట్టుకున్నా దాని మీద ఎవరో ఒకరు జెండా పాతేసి ఉన్నారు.

"గులాబీ వేద్దామండీ. ఆడపిల్లకి బాగుంటుంది," అన్నారు కరీముల్లా గారు.

"మా హైదరాబాదులో అదీ పార్టీయేనండి."

ఆయన కుర్చీలో కూలబడి నవ్వారు. ఎన్నికలప్పుడు అన్ని పార్టీల కండువాలూ అదే మిషన్ మీద కుట్టారట. పొద్దున ఒకళ్లవి, మధ్యాహ్నం ఇంకొకళ్లవి. "ఒకసారి దారం మార్చడం మర్చిపోయానండి. వీళ్ల కండువాల అంచులకి వాళ్ల రంగు దారం పడింది. నాకు నిద్ర పట్టలా. ఎవరన్నా వచ్చి కొడతారేమో అని. ఒక్కళ్లూ కనిపెట్టలేదు. అయ్యే మెళ్లో వేసుకుని నెలంతా తిట్టుకున్నారు."

లోపలి గదిలోంచి ఆయన భార్య ఉర్దూలో ఏదో అంది. ఆయన తలూపారు. "ఉల్లిపొర రంగు పెట్టమంటుందండి. దానికింకా ఎవరూ పార్టీ పెట్టలేదంట."

అలా మా అక్క బుట్టకి ఉల్లిపొర రంగు కుదిరింది. కుట్టుపని అయ్యేదాకా ఆయన వాళ్లమ్మాయి పెళ్లి సంగతులు చెప్పారు. వచ్చినవాళ్లలో సగం మంది హిందువులేనట. వాళ్ల కోసం వేరుగా శాకాహారం కౌంటరు పెట్టారట. "అక్కడ వడ్డించేవాడు తప్ప మనిషి లేడండి. ఆ పప్పు, సాంబారు రెండ్రోజులు మేమే తిన్నాం."

స్టేషన్‌కి వచ్చే దారిలో విగ్రహాలు చేసే ఒక షెడ్డు కనబడితే ఆగాను. తెనాలి ఈ పనికి పెట్టింది పేరు. బతికుండగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని నాయకులు అక్కడ ఒకే టార్పాలిన్ కింద భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. ఒక విగ్రహానికి చెయ్యి ఎత్తి ఉంది, పంచె మడతలు దిగి ఉన్నాయి, తల మాత్రం లేదు. ఇది ఎవరిదండీ అని పనాయన్ని అడిగాను. "అడ్వాన్సు ఎవరు ముందిస్తే వాళ్లదండి," అన్నాడు.

బాపట్ల బండిలో

ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన ఇద్దరు పెద్దవాళ్లు ఎదురెదురుగా కూర్చుని రాష్ట్రాన్ని పంచుకుంటున్నారు. ఒకాయన చేతిలో ఫోన్, ఇంకొకాయన చేతిలో బఠాణీల పొట్లం. ఫోనాయన ఒక వీడియో చూపిస్తే, బఠాణీలాయన అది అబద్ధమన్నాడు. ఆయన జేబులోంచి తన ఫోన్ తీసి తనకొచ్చిన వీడియో చూపిస్తే ఫోనాయన అదే మాటన్నాడు. నేను బుట్టతో తలుపు దగ్గర ఇరుక్కుపోయాను. బుట్ట లోపలికి రాదు, నేను బయటికి పోలేను, వెనక నుంచి జనం తోస్తున్నారు.

"ఏంటయ్యా అది, అడ్డంగా? నిలువుగా తిప్పు," అన్నాడు ఫోనాయన.

"నిలువుగా పట్టదు. ఇటు వంచు అల్లుడూ," అన్నాడు బఠాణీలాయన.

ఇద్దరూ లేచారు. ఒకాయన పిడి, ఒకాయన పిడి. బుట్ట వాళ్ల తలల మీదుగా వెళ్లి పై బెర్తు మీద కూర్చుంది. ఆ తర్వాత రాష్ట్రం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరి పెళ్లి, ఎవరి తాలూకు, అబ్బాయి ఏం చేస్తాడు, భోజనాల్లో పూతరేకులా కాజాలా అన్నది చర్చకొచ్చింది. బాపట్ల వచ్చేలోగా కాజాలని ఏకగ్రీవంగా తీర్మానించి నన్ను దింపారు. దిగాక కిటికీలోంచి వినబడింది, మళ్లీ వీడియో మొదలైంది.

బాపట్ల: బస్సులో వచ్చిన పీతలు

చిన్న మామయ్య కొట్టు ముందు సిమెంటు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, బుట్టని చూసి మానేశాడు.

"ఇదేంటి?"

"బుట్ట."

"కనపడుతుందిరా. రెండు పిడులున్నాయేంటి?"

"ఇద్దరు మామయ్యలు గదా."

"ఒకటి కోయించు."

శుభలేఖ మాత్రం రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. చదువుతూ ఒకచోట ఆగాడు. "రేపల్లె ఆయన పేరు పైన వేశారు."

మా ఇంట్లో ఇప్పుడు అన్నయ్య, తమ్ముడు అన్న మాటల్లేవు. రేపల్లె ఆయన, బాపట్ల ఆయన. వినేవాళ్లకి శాసనసభలో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

"పెద్దవాడు గదా మామయ్యా, అందుకని."

"అందుకేగా. ఇంకేం కాదుగా," అని శుభలేఖ జేబులో పెట్టుకున్నాడు. బుట్ట సంగతి ఎత్తితే, "ఆయన ఒక పిడి పట్టుకుంటే రెండోది నేను పట్టుకోను. పెళ్లికొస్తా, అక్షింతలేస్తా, భోంచేస్తా. బుట్ట అడక్కు," అన్నాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మామయ్య బస్టాండుకి వెళ్లి తడి గోతం ఒకటి తెచ్చాడు. లోపల కాళ్లు కట్టేసిన పీతలు. రేపల్లె బస్సులో వచ్చాయి. ఎవరు పంపారని అడిగితే రత్నం అత్తయ్య నా కాలు తొక్కింది. తర్వాత వంటింట్లో చెప్పింది. ప్రతి ఆదివారం రేపల్లె నుంచి పీతలు వస్తాయి. సోమవారం బస్సులో ఇక్కణ్నుంచి గోంగూర పచ్చడో, జీడిపప్పో వెళ్తుంది. ఇదంతా అత్తయ్యలిద్దరూ బస్సు డ్రైవరూ కలిసి నడిపే వ్యవహారం. మామయ్యలకి అధికారికంగా ఏమీ తెలీదు. ఈ ఇంట్లో వాటిని 'బస్సులో వచ్చిన పీతలు' అంటారు, ఆ ఇంట్లో 'బస్సులో వచ్చిన పచ్చడి' అంటారు.

"మరి తినేటప్పుడు?"

"తింటారు. అడగరు," అంది అత్తయ్య.

పెరట్లో మామయ్య గోతం విప్పి ఒక పీత తీశాడు. అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసినట్టు తూచాడు. "గుల్ల," అని పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. "ఇదీ గుల్లే." నాలుగోదాని దగ్గర ఆగి, అలాగే గొంతుక్కూర్చుని ఉండిపోయాడు.

"ఏమైంది మామయ్యా?"

"ఇవి ఆయన ఏరినవి కావు," అన్నాడు. "పోయిన వారమూ ఇంతే."

కండ పట్టిన పీతకి బరువుంటుంది. గుల్లది చూడ్డానికి అంతే ఉంటుంది, చేతికి తేలిపోతుంది. పెద్ద మామయ్య చిన్నప్పట్నించీ పీత ఏరితే ఒక్కటి కూడా గుల్ల పడదట. ఆ విద్య తమ్ముడికి ఆయనే నేర్పాడట.

"అంటే ఆయన మార్కెట్‌కి వెళ్లట్లేదు. ఎవర్నో పంపుతున్నాడు. ఎందుకు వెళ్లట్లేదు?"

"ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"ఏమని అడగను? పీతలు బాలేదనా?" నా వైపు చూశాడు. "ఆయన పంపట్లేదు గదా. నేను తినట్లేదు గదా."

మధ్యాహ్నం పీతల పులుసు మాత్రం, గుల్లవైనా, హైదరాబాదులో ఫోన్ నొక్కితే గుమ్మంలోకి వచ్చే వాటికంటే పది మెట్లు పైనుంది. మామయ్య ఒక కాలు విరిచి, లోపలికి చూసి, కంచం పక్కన పెట్టేశాడు.

సోమవారం పొద్దున నేను బయల్దేరేటప్పుడు బుట్ట బస్సెక్కించడానికి తనే వచ్చాడు. "ఊరికే చూసిరా. నేను అడిగానని చెప్పకు," అన్నాడు. బస్సు కదిలాక గట్టిగా గుర్తు చేశాడు. "బుట్ట మాత్రం పట్టుకోను. అది వేరే."

గుంత దగ్గర

బస్సులో నాకొక సీటు, బుట్టకొక సీటు, రెండు టిక్కెట్లు. బుట్టలో అత్తయ్య ఇచ్చిన గోంగూర జాడీ. డ్రైవరు అద్దంలోంచి నన్ను గుర్తుపట్టి, "ఈ వారం నాకు పని తప్పించారు," అన్నాడు.

చెరుకుపల్లి ఇంకా రాకముందే ఒక గుంతలో పడి టైరు పేలింది. అందరం దిగాం. ముందు సీట్లో ఆయన్ని ఈ రోడ్డు సంగతేంటని అడిగితే, నేను విన్న కథే చెప్పాడు. మా ఇంట్లో పెరుగన్నం చెడగొట్టిన రోడ్డు ముక్క ఇదే. ఎవరు వేయించారన్న దాని మీద ఇక్కడా రెండు మాటలున్నాయి. గుంత గురించి మాత్రం బస్సులో అభిప్రాయభేదం లేదు.

రోడ్డుకి అటూ ఇటూ రెండు టీ కొట్లు. దిగినవాళ్లలో ఊరివాళ్లు చకచకా రెండు పాయలుగా విడిపోయారు. నేను బుట్టతో నడిరోడ్డు మీద నిలబడిపోయాను. కండక్టరు నా చెవిలో, "అటు తాగితే వాళ్ల మనిషంటారు, ఇటు తాగితే వీళ్ల మనిషంటారు. మేం డ్యూటీలో టీ మానేశాం," అన్నాడు. అంతలో ఒకావిడ సైకిలు మీద పాలక్యాను తెచ్చి ఈ కొట్లో సగం పోసి, రోడ్డు దాటి ఆ కొట్లో సగం పోసి వెళ్లిపోయింది. నేను రెండు చోట్లా తాగాను. పది రూపాయలు, పది రూపాయలు. పంచదార కూడా ఒకటే.

రెండో కొట్టు సాంబయ్య అనే ముసలాయనది. బుట్ట ఎందుకని అడిగితే చెప్పాను. ఆయన గ్లాసు కడుగుతూ ఎదురు కొట్టు వైపు గడ్డం చూపించాడు. "ఆ బల్ల మీద, చొక్కా లేకుండా కూర్చున్నాడు చూడు. వాడూ నేనూ ఒకటే బడి. నా కొడుకు పెళ్లికి రాలేదు. వాళ్లమ్మ పోతే నేనూ వెళ్లలా."

"ఎందుకండి?"

"వెళ్తే మనోళ్లు ఏమనుకుంటారో అని."

"వెళ్లుంటే ఏమనేవాళ్లు?"

ఆయన గ్లాసు బోర్లించాడు. "ఏమీ అనేవోళ్లు కాదేమో. వాడూ అట్టాగే ఆగుంటాడు."

ఎక్కడైనా ఒక జోకు దొరుకుతుందని నాకు నమ్మకం. ఇక్కడ వెతికాను, దొరకలేదు. పార్టీల గొడవకి రెండు పిడులు చాలన్న మంగమ్మ లెక్కలో ఒక గుంత ఉంది. అవతలివాళ్లంటే కోపం కాదు ఈయన్ని ఆపింది, ఇవతలివాళ్లంటే భయం. మా హైదరాబాదు అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి గొడవ లేదని నేను గొప్పగా అనుకునేవాణ్ని. ఎదురింటాయన ఏ పార్టీయో నాకు తెలీదు. ఎందుకంటే ఆయన పేరే తెలీదు. వాళ్లమ్మ పోయినా తెలీదు. గొడవ పడాలన్నా ముందు ఒకే బడిలో చదివుండాలి.

టైరు మార్చాక సాంబయ్య బుట్టకి ఒక చెయ్యి వేసి ఎక్కించాడు. "ఇద్దరి చేతా పట్టించు బాబూ," అన్నాడు.

రేపల్లె: కుడి పక్క

పెద్ద మామయ్య వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు, భుజాల మీద పెద్ద తువ్వాలు కప్పుకుని. ఎండాకాలంలో తువ్వాలేంటో నాకు అర్థం కాలేదు. బుట్టని చూసి, "మంచి వెదురు," అని ఒప్పుకున్నాడు. తర్వాత నేను అడక్కముందే, "బాపట్ల ఆయన పట్టుకున్న బుట్ట నేను పట్టుకోను. మీ అక్కకి చెప్పు. ఇది కోపం కాదు, సిద్ధాంతం," అన్నాడు.

శుభలేఖ, తాంబూలం చేతికివ్వబోయాను.

"ఆ బల్ల మీద పెట్టు."

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చిన్నప్పుడు ఎడం చేత్తో జంతిక అందుకున్నానని నా వేలి కణుపుల మీద ఒకటిచ్చిన మనిషి ఈయన. ఎవరింటి శుభలేఖైనా లేచి నిలబడి, కుడిచేత్తో అందుకుంటాడు. సొంత మేనకోడలిది బల్ల మీద పెట్టమంటున్నాడు. అంతలో అత్తయ్య కాఫీ తెచ్చింది. ఆయన తువ్వాలు కిందనుంచి ఎడమచెయ్యి తీసి గ్లాసు పట్టుకున్నాడు.

నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య దూలం వైపు చూసింది.

పెరట్లోకి తీసుకెళ్లి చెప్పింది. "భుజం పట్టేసిందయ్యా. కుడిచెయ్యి ఇంతకంటే లేవదు. డాక్టరు తగ్గుద్దిలే, చెప్పినట్టు చెయ్యి తిప్పుతుండమన్నాడు. స్కూటరెక్కలేడు, మార్కెట్‌కి పోలేడు. పీతలు కొట్లో మనిషి తెస్తున్నాడు."

"ఎవరికీ చెప్పలేదేంటి?"

"బాపట్ల ఆయనకి తెలిస్తే నవ్వుతాడంట. బుట్ట నువ్వు తెస్తావని ముందే తెలుసుగా. మోయలేనని చెప్పడం ఎట్టా అని నాలుగు రోజులు ఆలోచించి, మోయనని చెప్పడం మేలని తేల్చుకున్నాడు."

దీన్నే సిద్ధాంతం అంటారన్నమాట.

కాలువ గట్టుకి వెళ్లి చిన్న మామయ్యకి ఫోన్ చేశాను. పీతల సంగతి తెలిసిందన్నాను.

"ఏంటి?" అన్నాడు, మొదటి రింగుకే ఎత్తినవాడు.

"భుజం."

అటునుంచి కొట్లో ఎవరో ఇనుప చువ్వలు దించుతున్న చప్పుడు.

"ఏ భుజం?"

"కుడి."

"అయితే ఆయన్ని బుట్టకి కుడి పక్క నిలబెట్టు. ఎడం చేత్తో పట్టుకుంటాడు. బరువు నా వైపు లాక్కుంటా." ఆగాడు. "నేను చెప్పానని చెప్పకు."

"మీరు పట్టుకోనన్నారుగా మామయ్యా."

"అది వేరేరా," అని పెట్టేశాడు.

ఇంట్లోకి వచ్చి, బుట్ట వైపు చూస్తూ, గాలితో మాట్లాడుతున్నట్టు అన్నాను. "కుడి పక్క ఎవరు పట్టుకోవాలో తేలట్లేదు మామయ్యా. చిన్న మామయ్య అడుగుతాడేమో."

పెద్ద మామయ్య కుర్చీలో నిటారుగా అయ్యాడు. "వాడెట్టా అడుగుతాడు? కుడి పక్క పెద్దవాళ్లది."

"మరి మీరు పట్టుకోరు గదా. అందుకని."

ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. "సిద్ధాంతం వేరు, కుడి పక్క వేరు," అన్నాడు. బల్ల మీది శుభలేఖని ఎడం చేత్తో తీసి, ఒళ్లోకి జార్చుకుని, కుడిచెయ్యి దాని మీద మెల్లగా ఆనించాడు.

మర్నాడు బాపట్ల బస్సు డ్రైవరు ఒక సీసా ఇచ్చి వెళ్లాడు. నొప్పులకి రాసే నూనె. పేరూ లేదు, చీటీ లేదు. బస్సులో వచ్చిన నూనె. పెద్ద మామయ్య మూత తీసి వాసన చూసి, "బాపట్లలో ఒక్క కొట్లోనే దొరుకుద్ది ఇది," అని, చొక్కా విప్పి భుజం అత్తయ్య వైపు తిప్పాడు.

నేను బుట్టతో హైదరాబాదు బండెక్కాను.

బుట్ట కదిలింది

పెళ్లిరోజు అక్క ఉల్లిపొర రంగు మీద కూర్చుంది. పెద్ద మామయ్య కుడి పక్క, చిన్న మామయ్య ఎడమ పక్క. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మాటలన్నీ అక్క ద్వారానే నడిచాయి.

"అమ్మాయీ, ఆయన్ని కొంచెం నిదానంగా నడవమను."

"చిన్న మామయ్యా, నిదానంగా నడవాలంట."

"అమ్మాయీ, రోడ్లు వేయించినవాళ్లకి నడక రాదా అని అడుగు."

"నేను అడగను. నన్ను దింపాక మీరే అడుక్కోండి," అంది అక్క, నుదుటి మీద బాసికం పట్టుకుని.

బుట్ట కొంచెం ఎడమకి వాలి ఉంది. చూసినవాళ్లు చిన్నాయనకి మోయడం రాదనుకున్నారు. మండపం మెట్టు దగ్గర పెద్ద మామయ్య పట్టు సడలింది, బుట్ట కుడివైపుకి ఒరిగింది. అక్క అంచు పట్టుకుంది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యా, వదిలెయ్," అన్నాడు చిన్న మామయ్య. "నేను పట్టుకున్నా."

"వదలనులే. నువ్వు అడుగెయ్."

ఇద్దరూ ఒకే అడుగు వేశారు. అక్క పీటల మీద దిగింది. భోజనాల్లో కాజాలు వడ్డించారు, రైల్లో తీర్మానం ప్రకారం. మామయ్యలిద్దరూ ఒకే బంతిలో, మధ్యలో నన్ను కూర్చోబెట్టుకుని తిన్నారు. సాంబారు దగ్గర రోడ్డు సంగతి మళ్లీ వచ్చింది. ఆ రోడ్డు మీదే నా బస్సు టైరు పేలిందని చెబితే, అది ఎవరి హయాంలో పడిన గుంత అని ఇద్దరూ నన్నే అడిగారు. పెరుగన్నం దాకా మాత్రం ఎవరూ లేవలేదు.

అక్క ఇద్దర్నీ మళ్లీ వాట్సాప్ గ్రూపులో చేర్చింది. వారం తిరక్కుండా ఒక వీడియో మీద మాట వచ్చి, పెద్ద మామయ్య బయటికెళ్లిపోయాడు. ఆయన వెనకే చిన్న మామయ్యా వెళ్లిపోయాడు. నేను పెద్దగా బాధపడలేదు.

మొన్న ఆదివారం రత్నం అత్తయ్య ఫోన్ చేసింది. బస్సులో పీతలు వచ్చాయట. చిన్న మామయ్య ఒక్కోటీ తీసి తూచి చూసి, ఒక్కదాన్నీ గుల్ల అనకుండా అన్నీ వంటింట్లోకి పంపించాడట.